అప్లైడ్ డేటా సైన్స్ పీజీ: కాట్రేనికోన నుంచి చూస్తే

పోగుపడిన సమాచారంలోంచి పనికొచ్చే జవాబు రాబట్టే విద్య డేటా సైన్స్. ఆ జవాబుతో చెరువు గట్టు మీదో, ఆసుపత్రిలోనో, బ్యాంకులోనో ఒక నిర్ణయం జరగాలి అన్న షరతు పెడితే అది అప్లైడ్ డేటా సైన్స్ అవుతుంది. దీనికి గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగు, ఆ సమాచారం ఏ రంగానిదో ఆ రంగపు ఎరుక మూడూ కావాలి. మొదటి రెండూ కళాశాలలో దొరుకుతాయి. మూడోది చాలా కోర్సుల్లో నేతిబీరకాయలో నెయ్యి చందంగా పేరులోనే ఉంటుంది. మన దేశంలో ఈ చదువు ఎమ్మెస్సీ, ఎంటెక్, పీజీ డిప్లమా రూపాల్లో ఉంది, అమెరికాలో ఎం.ఎస్. అంటారు.

కాట్రేనికోన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేదాకా తూర్పుగోదావరిలో ఉండేది. గోదావరి పాయ వృద్ధగౌతమి సముద్రంలో కలిసే ప్రాంతం. వరి, కొబ్బరి, రొయ్యల చెరువులు, సముద్రపు వేట ఇక్కడి బతుకుతెరువులు. పల్లం వంటి మత్స్యకార గ్రామాలూ, బలుసుతిప్ప, మగసానితిప్ప వంటి తిప్పలూ ఈ మండలంలోవే. ఇంత నీటి మధ్య నుంచి డేటా సైన్స్ చదువుకు బయల్దేరే పిల్లవాడికో పిల్లకో ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు అన్న వైపు నుంచి రాసిన పరిచయం ఇది.

పేరు కొత్తది, విద్య పాతది

అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ ట్యూకీ 1962లో రాసిన ఒక వ్యాసంలో డేటా విశ్లేషణను గణితానికి తోకగా కాక, సొంత కాళ్ల మీద నిలబడే శాస్త్రంగా చూడాలన్నారు. డెన్మార్కు కంప్యూటరు శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1974లో తన పుస్తకంలో డేటా సైన్స్ అన్న మాట వాడారు. 1997లో జెఫ్ వూ, గణాంకశాస్త్రం పేరునే డేటా సైన్స్‌గా మార్చేద్దామని ప్రతిపాదించారు. 2001లో విలియం క్లీవ్‌లాండ్ ఆ పేరుతో ఒక కార్యాచరణ ప్రణాళిక రాశారు. 2007లో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం ఎనలిటిక్స్‌లో ఎం.ఎస్. మొదలుపెట్టింది. 2012లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ ఈ శతాబ్దపు అత్యంత ఆకర్షణీయమైన ఉద్యోగం ఇదేనని రాశాక కోర్సులు వరద గోదావరిలా వచ్చిపడ్డాయి.

తెలుగువారికి మాత్రం ఈ విద్యతో బంధుత్వం అంతకు చాలా ముందుది. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు, 1920 సెప్టెంబరు 10న అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివారు. సైన్యంలో సర్వే విభాగం ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. బస చేసిన చోట పరిచయమైన ఒకరి వల్ల ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో నెలకొల్పిన భారత గణాంక సంస్థ గురించి తెలిసి, 1941 జనవరిలో అందులో చేరారు. కలకత్తా విశ్వవిద్యాలయం కొత్తగా తెరిచిన గణాంకశాస్త్రం ఎం.ఏ.లో తొలి జట్టు విద్యార్థి ఆయన. 1943లో పట్టా పుచ్చుకున్నారు. మరో రెండేళ్లకు, 1945లో, కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఆయన రాసిన ఒక వ్యాసం నేటికీ గణాంకశాస్త్రం పీజీ సిలబస్‌లలో కనిపిస్తుంది. క్రేమర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అందులోవే. ఆ వ్యాసానికే 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 22న అమెరికాలోని బఫెలోలో కన్నుమూశారు. ఆయన పేరిట హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో ఒక పరిశోధన సంస్థ నడుస్తోంది.

క్రేమర్-రావు హద్దు చెప్పే సంగతిని మామూలు మాటల్లో ఇలా పట్టుకోవచ్చు. చేతిలో ఉన్న డేటా ఇంతే అయినప్పుడు, ఎంత తెలివైన పద్ధతి వాడినా, నిష్పక్షపాతమైన అంచనాలో ఊగిసలాట ఒక హద్దు కంటే కిందికి దిగదు. పది చెరువుల లెక్క చూసి జిల్లా మొత్తానికి జోస్యం చెప్పే సాఫ్ట్‌వేర్ అమ్మకందారుకు ఈ ఒక్క ముక్క వినిపిస్తే సగం బేరం అక్కడే ఆగిపోతుంది.

మహలనోబిస్ బెంగాల్‌లో జనపనార పంట మీద నడిపిన నమూనా సర్వేల వారసత్వం ఇప్పటికీ కోనసీమ మళ్లలో కనబడుతుంది. దాన్నే పంటకోత ప్రయోగం అంటారు. యాదృచ్ఛికంగా ఎంచిన వరి చేలో ఐదు మీటర్ల చదరం గీసి, కోసి, నూర్చి, గింజలు తూచి, దాని మీద దిగుబడి అంచనా వేస్తారు. పంటల బీమా పరిహారానికి ఆ అంచనా ముఖ్య ఆధారం. ఆ చదరం ఎక్కడ పడాలో నమూనా పట్టిక చెప్పాలి తప్ప మనుషులు చెప్పకూడదు. రోడ్డు పక్క చేను కదా, దగ్గర కదా అని అక్కడే గీస్తే, శివారున నీరు నిలిచి కుళ్లిన చేనుకు లెక్కలో చోటు దక్కదు. నమూనా పక్షపాతం అనే పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఏం నేర్పుతారు

రెండేళ్ల కోర్సు సాధారణంగా నాలుగు సెమిస్టర్లు. మొదట్లో సంభావ్యత, గణాంక అనుమితి, లీనియర్ ఆల్జీబ్రా, ఆప్టిమైజేషన్. పక్కనే పైథాన్ లేదా ఆర్ భాష, డేటాబేసుల కోసం ఎస్‌క్యూఎల్. తర్వాత రిగ్రెషన్, మెషిన్ లెర్నింగ్, కాలశ్రేణులు, గ్రాఫులు గీసి చూపడం, పెద్ద డేటాను అనేక కంప్యూటర్ల మీద పంచి నడపడం, న్యూరల్ నెట్‌వర్కులు, ఈ మధ్య భాషా మోడళ్లు. చివరి సెమిస్టరులో ప్రాజెక్టు. పైథాన్ 1991లో వచ్చింది. దానికి పట్టికల మీద పనిచేసే చేతులిచ్చిన పాండాస్ 2008 నాటిది. లియో బ్రైమన్ ర్యాండమ్ ఫారెస్ట్ పద్ధతి 2001 నాటిది. పరికరాలు మారుతూనే ఉంటాయి. మొదటి సెమిస్టరులో నేర్చుకున్న సంభావ్యత మారదు. ఏ కోర్సు మంచిదో తేల్చుకోవడానికి బ్రోచరులో పరికరాల బొమ్మలు లెక్కపెట్టే కంటే, గణాంకశాస్త్రానికి ఎన్ని పేపర్లు ఇచ్చారో చూడడం మేలు.

సిలబస్‌లో చోటు తక్కువ, ఉద్యోగంలో కాలం ఎక్కువ తినే పని ఒకటుంది. బియ్యం చెరిగి రాళ్లేరినట్టు డేటాను బాగుచేసుకోవడం. కోనసీమ వాళ్లకు రోజూ కనిపించే పట్టిక తీసుకుందాం. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధరలు స్థానిక పత్రికల్లో వస్తాయి. కొత్త కొబ్బరి ధర క్వింటాలుకు. కురిడీ కొబ్బరిలో గండేరా, గటగట రకాల ధరలు వెయ్యి కాయలకు. నీటికాయల్లో ముక్కుడు కాయలూ పచ్చికాయలూ వేరువేరు, అవీ వెయ్యికే. ఒకే పట్టికలో రెండు కొలతలు. వెయ్యి కాయల బరువు అన్ని కాలాల్లోనూ ఒకటి కాదు. గటగట అంటే ఏమిటో తెలియని ప్రోగ్రామరు ఈ అంకెలన్నిటినీ ఒకే వరుసలో పోసి గ్రాఫు గీస్తే అది అందంగానే ఉంటుంది, అర్థం మాత్రం ఉండదు. కురిడీ అటక మీద నెలల తరబడి ఎండే సరుకు కాబట్టి దాని ఈ నెల ధరకు వెనకటి నెలల కాయతో సంబంధం ఉంటుందని తోట ఉన్న ఇంట్లో పిల్లలకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

రొయ్యల లెక్క మరీ బాగుంటుంది. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంట్. వంద తూగితే వంద కౌంట్, ముప్పై తూగితే ముప్పై కౌంట్. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఇప్పుడు వంద కౌంట్ సరుకూ ముప్పై కౌంట్ సరుకూ కలిపితే సగటు కౌంట్ ఎంత? తూకం సమానంగా ఉంటే 65. రొయ్యల సంఖ్య సమానంగా ఉంటే దాదాపు 46. రెండూ సరైన సగటులే. మొదటిది అంకమధ్యమం, రెండోది హరమధ్యమం. ఏది వాడాలో ప్రశ్నను బట్టి ఉంటుంది. పట్టుబడి నాడు కొనుగోలుదారు ఏ సగటు చెప్పాడో రైతుకు తెలియకపోతే నష్టం ఎవరిదో వేరే చెప్పాలా?

ఖాళీ గడి విషయం కూడా ఇలాంటిదే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో రేవులో దిగిన చేపల లెక్క సున్నా అని పట్టికలో ఉంటుంది. సముద్రంలో చేప లేదని దాని అర్థం కాదు, పడవ వెళ్లలేదని. సున్నాకూ ఖాళీకీ తేడా తెలియని మోడల్ ప్రతి వేసవిలోనూ చేపలు అంతరించిపోయాయని లెక్క తేలుస్తుంది. ఖాళీ ఎందుకు వచ్చిందో తెలుసుకోకుండా దాన్ని సగటుతో పూడ్చకూడదని పాఠ్యపుస్తకాలు ఒక అధ్యాయమంతా చెబుతాయి. పల్లం రేవులో ఒక్క మాటలో తేలిపోయే సంగతి అది.

మెషిన్ లెర్నింగ్‌లో విద్యార్థులు మొదట పడే గొయ్యి ఓవర్‌ఫిట్టింగ్. గైడు బట్టీ పట్టిన పిల్లవాడు పాత ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాడు, ప్రశ్నలో ఒక అంకె మారిస్తే నోరెళ్లబెడతాడు. మోడలూ అంతే. అందుకే డేటాలో కొంత దాచి ఉంచి, దాని మీదే పరీక్షిస్తారు. కాలంతో నడిచే డేటాలో ఆ దాచడం ఎలాగో కూడా తెలియాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టాన్నే చూడండి. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు. పైన భద్రాచలంలో అవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు. అక్కడ పెరిగిన నీరు ఇక్కడికి చేరడానికి వ్యవధి పడుతుంది. ఆ వ్యవధే మోడలుకు ప్రాణం. రోజులను చీట్లలా కలిపి కొన్నిటిని పరీక్షకు పక్కన పెడితే, రేపటి మట్టం చూసి ఇవాళ్టిది చెప్పే మోడల్ తయారవుతుంది. కాగితం మీద నూటికి తొంభైతొమ్మిది మార్కులు తెచ్చుకుంటుంది. లంకల్లో ఒక్క గేదెను కూడా గట్టు మీదికి చేర్చదు.

అరుదైన సంఘటనలతో చిక్కు ఇంకొకటి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కింది. 2022 జులైలో 71.3 అడుగులు. ఆ రెంటికీ నడుమ 36 ఏళ్లు. రికార్డులో ఎన్ని వేల రోజులున్నా, మోడల్ నేర్చుకోవాల్సిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. రొయ్యల్లో తెల్లమచ్చ వైరస్ కూడా ఈ కోవలోదే. వంద చెరువుల్లో ఐదింటికి తెగులు వస్తుందనుకోండి, ప్రతి చెరువునూ బాగుంది అని చెప్పే మోడల్ 95 శాతం ఒప్పే. రైతుకు దానితో ఏం పని? శాతం ఖచ్చితత్వం చూసి మురిసిపోకూడదని నేర్పని కోర్సుకు పీజీ అన్న పేరు ఎక్కువ.

సంబంధం వేరు, కారణం వేరు అన్న పాఠం పులస చేప దగ్గర చెప్పవచ్చు. ఎర్రనీరు వచ్చినప్పుడే పులస వస్తుంది. ఎర్రనీరు వచ్చినప్పుడే లంకలు మునుగుతాయి. పులస లంకల్ని ముంచిందని ఎవరూ అనరు, రెంటి వెనకా వరద ఉందని అందరికీ తెలుసు. తెలియని రంగంలో మాత్రం మహా మహా కంపెనీలు కూడా పులసనే దోషిని చేస్తుంటాయి.

ఇక్కడి డేటా, ఇక్కడి ప్రశ్నలు

1990ల చివర ఐరోపాలో కొన్ని కంపెనీలు కలిసి డేటా పనికి ఆరు మెట్ల పద్ధతి ఒకటి తయారుచేశాయి. దాని పేరు క్రిస్ప్-డీఎం. మొదటి మెట్టు సమస్యను అర్థం చేసుకోవడం. మోడల్ కట్టడం నాలుగోది. మన విద్యార్థుల ప్రాజెక్టులు ఎక్కువగా నాలుగో మెట్టు మీద పుట్టి అక్కడే ముగుస్తాయి. అమెరికా నగరంలో ఇళ్ల ధరలు, మునిగిపోయిన టైటానిక్ ప్రయాణికుల పట్టిక, పువ్వుల రేకుల కొలతలు. ఇవి అభ్యాసానికి మంచివే. పీజీ చివరి సెమిస్టరులో కూడా అవేనంటే చదువు వడ్డించిన విస్తరి దగ్గర ఆగిపోయినట్టు.

తెలుగునాట నిజంగా జరిగిన పనులు కొన్ని ఉన్నాయి. 2016 ఖరీఫ్‌లో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపాయి. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని నిర్వాహకులు ప్రకటించారు. ఎవరితో పోల్చితే పెరిగింది, సలహా పాటించిన రైతు ముందునుంచే జాగ్రత్తపరుడా అన్న ప్రశ్నలు అడగడం నేర్పేదే ఈ పీజీ. హైదరాబాదులో 1999లో ఏర్పడిన సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉపరితల వేడినీ, నీటిలోని పత్రహరితాన్నీ కలిపి చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు చెబుతుంది. అలల, గాలుల ముందస్తు సమాచారమూ ఇస్తుంది. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అక్కడే ఉంది.

ముందస్తు సమాచారం అంటే కాట్రేనికోన తీరానికి 1996 నవంబరు 6 గుర్తొస్తుంది. ఆ రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. చనిపోయినవారిలో, ఆచూకీ లేకుండా పోయినవారిలో బలుసుతిప్ప, భైరవపాలెం వైపు మత్స్యకారులు ఎందరో. అప్పటికే సముద్రంలో ఉన్న పడవకు కబురు చేరడం ఎలా అన్నది అంచనా ఎంత సరిగ్గా వేశాం అన్నదానికంటే పెద్ద ప్రశ్న. అప్లైడ్ అన్న మాటకు బరువు ఇక్కడే తెలుస్తుంది. అంచనా సరిగ్గా వేసి కబురు అందకపోతే పని సగంలో ఆగినట్టే.

లెక్కలతో తేలనివీ ఉంటాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించారు. ఆ ఏడాది పంట సాగు పట్టిక చూస్తే కరువు వచ్చిందేమో అనిపిస్తుంది. కాల్వల్లో నీరు ఉంది. గిట్టుబాటు ధర లేదు, మురుగు కాల్వలు పూడిపోయాయి, కూలి ఖర్చు పెరిగింది. ఈ కారణాలు ఏ ఉపగ్రహ చిత్రంలోనూ కనపడవు. రచ్చబండ దగ్గర కూర్చుంటేనే తెలుస్తాయి.

ఎక్కడ చదవవచ్చు

కోనసీమలో ఇంజినీరింగు డిగ్రీకి కొరత లేదు. కాట్రేనికోన మండలంలోనే చెయ్యేరులో శ్రీనివాస ఇంజినీరింగు కళాశాల, మండలం బయట ఓడలరేవులో బీవీసీ ఇంజినీరింగు కళాశాల ఉన్నాయి. డిగ్రీ చదువుకు అమలాపురంలో పాతకాలపు ఎస్‌కేబీఆర్ కళాశాల. 2020 తర్వాత రాష్ట్రంలోని ఇంజినీరింగు కళాశాలల్లో సీఎస్ఈ పక్కన డేటా సైన్స్, ఏఐ బ్రాంచీలు ఇబ్బడిముబ్బడిగా వచ్చాయి. ఈ విద్యలో పీజీకి మాత్రం ఎక్కువగా గోదావరి దాటాల్సి వస్తుంది. యానాం-ఎదుర్లంక బాలయోగి వారధి దాటితే కాకినాడ జేఎన్‌టీయూ. మరోవైపు రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం. ఇంకా ముందుకెళితే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం. కాట్రేనికోన వైపు ఇంతవరకు రైలు లేదు కనుక ఏ ఊరికైనా బస్సే.

డేటా సైన్స్ అని పేరు ఉన్న కోర్సే కావాలన్న పట్టుదల అనవసరం. మంచి ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివి ప్రోగ్రామింగు గట్టిగా నేర్చుకున్నవారు, పేరు మాత్రమే ఉన్న ఎంటెక్ చేసినవారికంటే ముందుంటారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీకి ఏపీ పీజీసెట్, ఎంటెక్‌కు గేట్ లేదా ఏపీ పీజీఈసెట్, ఎంసీఏకు ఏపీ ఐసెట్ దారులు.

రాష్ట్రం బయట, భారత గణాంక సంస్థలో ఎం.స్టాట్ ఉంది. ఆ చదువుకు ఫీజు కట్టించుకోకపోగా స్టైపెండ్ ఇస్తారు. దాని ప్రవేశ పరీక్ష కఠినం. గణితంలో లోతు చూస్తుంది, వేగం చూడదు. చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ 2018లో ఎమ్మెస్సీ డేటా సైన్స్ మొదలుపెట్టింది. 2015 నుంచి కలకత్తా ఐఐఎం, ఖరగ్‌పూర్ ఐఐటీ, భారత గణాంక సంస్థ మూడూ కలిసి బిజినెస్ ఎనలిటిక్స్‌లో పీజీ డిప్లమా నడుపుతున్నాయి. హైదరాబాదు ఐఐటీ 2019లో దేశంలోనే మొదటగా ఏఐలో బీటెక్ పెట్టిన సంస్థ. ఉద్యోగం చేస్తూ చదివేవారికి డేటా సైన్స్‌లో ఎంటెక్ కూడా నడుపుతోంది. 1998లో మొదలైన హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి సొంత ప్రవేశ పరీక్ష ఉంది. తెలుగు వంటి భాషలతో కంప్యూటరు పని చేయాలనుకునేవారికి ఆ సంస్థ భాషా సాంకేతిక కేంద్రం పుట్టిల్లు లాంటిది. 2011 జనగణన ప్రకారం దేశంలో 8 కోట్లకు పైగా మనుషుల మాతృభాష తెలుగు. అయినా కంప్యూటరు చదవగల తెలుగు రాత ఇంగ్లీషుతో పోలిస్తే పిడికెడు. చేయాల్సిన పని అందులో కొండంత ఉంది.

హైదరాబాదు అమీర్‌పేట శిక్షణ కేంద్రాల మూడు నెలల కోర్సు సంగతి కూడా చెప్పుకోవాలి. చిన్నచూపు చూడక్కర్లేదు. ఎస్‌క్యూఎల్, పైథాన్ వేళ్లకు అలవాటు కావడానికి అది చాలు. ఎందుకు పనిచేసిందో, రేపు ఎందుకు పనిచేయకపోవచ్చో చెప్పడానికి చాలదు. పీజీకీ దానికీ తేడా అక్కడే. ఊరు కదలకుండా పునాది వేసుకోవాలంటే స్వయం, ఎన్‌పీటీఈఎల్ వెబ్‌సైట్లలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి.

అమెరికా దారి

ఈ చదువు పేరెత్తగానే కోనసీమ ఇళ్లలో మాట అమెరికా వైపు మళ్లుతుంది. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మొదటి స్థానం. సిరక్యూస్, సదరన్ కాలిఫోర్నియా, షికాగో విశ్వవిద్యాలయాల్లో అప్లైడ్ డేటా సైన్స్ అన్న పేరుతోనే ఎం.ఎస్. ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయం 2019 నుంచి ఈ పట్టాను పూర్తిగా ఆన్‌లైన్‌లో ఇస్తోంది.

చదువు అయ్యాక అక్కడే పనిచేసేందుకు పన్నెండు నెలల ఓపీటీ అనుమతి, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగు, గణితం) పట్టా అయితే మరో 24 నెలలు. ఇక్కడ ఒక చిన్న సంగతి పెద్ద తేడా తెస్తుంది. కోర్సు పేరులో డేటా సైన్స్ ఉన్నంత మాత్రాన అది స్టెమ్ అవదు. విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే సీఐపీ కోడ్ స్టెమ్ జాబితాలో ఉండాలి. చేరకముందే అడిగి తెలుసుకోవాలి. ఆపైన హెచ్1బీ ఉద్యోగ వీసా. ఏడాదికి 65 వేలు, అమెరికా పీజీ ఉన్నవారికి అదనంగా 20 వేలు. 2025 సెప్టెంబరులో అక్కడి అధ్యక్షుడు కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక లెక్కలు తారుమారయ్యాయి. అప్పు చేసి వెళ్లేవారు హెచ్1బీ వస్తుందన్న లెక్కతో వాయిదాలు వేసుకోవడం ఇప్పుడు జూదమే.

మోసాల చరిత్రా ఉంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయాన్ని మూసినప్పుడు వీధిన పడ్డవారిలో ఎక్కువమంది తెలుగు విద్యార్థులు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అన్న పేరుతో అమెరికా అధికారులే ఉచ్చు పన్ని, 129 మంది భారతీయులను నిర్బంధించారు. రెంటిలోనూ ఆశ ఒకటే: తరగతికి వెళ్లకుండా మొదటి రోజు నుంచే పని. అలాంటి మాట చెప్పే కన్సల్టెన్సీ గడప దిగి వచ్చేయడమే క్షేమం.

బ్రిటన్‌లో ఎమ్మెస్సీ ఒక్క ఏడాదే. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజు దాదాపు లేదు, కాకపోతే జీవన ఖర్చుకు ఏడాది సొమ్ము ముందే బ్లాక్డ్ ఖాతాలో వేసి చూపాలి.

డబ్బు

దేశంలో గేట్ ద్వారా ఎంటెక్‌లో చేరి అర్హత పొందినవారికి నెలకు రూ. 12,400 స్టైపెండ్ వస్తుంది. రాష్ట్రంలో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్సుమెంటు ఆపేస్తూ 2020 డిసెంబరులో జీఓ 77 వచ్చింది. పేదింటి పిల్లలను ఎమ్మెస్సీ నుంచి దూరం చేసిన ఆ ఉత్తర్వును రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు అడుగుతూ వచ్చాయి. చేరే ఏడాది ఏ నిబంధన అమల్లో ఉందో ముందే కనుక్కోవాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపికచేసిన విద్యాసంస్థల్లో సీటు వస్తే హామీ లేకుండా బ్యాంకు రుణం దొరుకుతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ. 8 లక్షల లోపయితే, రూ. 10 లక్షల దాకా రుణం మీద చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. ఇది దేశంలో చదువుకే. విదేశీ చదువు రుణానికి చాలా ఇళ్లలో కొబ్బరితోటో చెరువో పూచీగా బ్యాంకుకు వెళుతుంది. పూచీ పత్రం మీద సంతకం పెట్టేది పెద్దవాళ్లు. కోర్సు సిలబస్ వాళ్లకు తెలుగులో చదివి వినిపించడం పిల్లల బాధ్యత.

సమాచారం ఎవరిది

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. విద్యార్థి ప్రాజెక్టులకూ దీని స్ఫూర్తి వర్తిస్తుంది. రైతు ఈ-పంట వివరాలు, మత్స్యకారుల ఫోన్ నంబర్లు, ఆసుపత్రి చీటీలు తెలిసినవాళ్ల ద్వారా దొరికాయి కదా అని వాడకూడదు. చిన్న ఊళ్లో పేరు తీసేసినా, ఎకరాలూ చెరువుల సంఖ్యా చూస్తే ఎవరిదో చెప్పేయగలరు.

గేట్‌లో కొత్త పేపరు

2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్, ఏఐకి ప్రత్యేక పేపరు వచ్చింది. దాని కోడ్ డీఏ. ఐఐటీలు, ఎన్‌ఐటీల్లో ఈ ఎంటెక్‌లకు ఇప్పుడు ముఖ్యమైన గుమ్మం అదే. సంభావ్యత, గణాంకాలు, లీనియర్ ఆల్జీబ్రా, కలనగణితం, ప్రోగ్రామింగు, డేటాబేసులు, మెషిన్ లెర్నింగ్, ఏఐ దాని సిలబస్. మూడు గంటలు, వంద మార్కులు, అందులో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌కు. ఇంజినీరింగు వాళ్లే కానక్కర్లేదు, బీఎస్సీ వాళ్లూ రాయవచ్చు. పరీక్ష ఏటా ఫిబ్రవరిలో. డిగ్రీ మూడో ఏడాదిలో ఉన్నవారూ అర్హులే. వచ్చిన స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.